షాపులో ఒక్క విండోస్ మిషన్ ఉంచుకుంటే మాట తప్పినట్టేనా?

ప్రశ్న: కడప డీటీపీ

ఏడురోడ్ల దగ్గర 2009 నుంచి డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గుడి పుస్తకాలు, వచ్చిన పనల్లా చేస్తాను. 2011లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు రాసిన శతకం నేనే కంపోజ్ చేసి ఇచ్చాను, 64 పేజీలు. ఆయన పోయారు. సంవత్సరీకానికి మళ్లీ వేయిద్దామని పోయిన నెల వాళ్ల అబ్బాయి వచ్చాడు. ఫైలు నా దగ్గర భద్రంగానే ఉంది, కానీ ఫాంట్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్‌కి గుచ్చాల్సిన డాంగిల్ ఎప్పుడో పాడైపోయింది, అమ్మినవాళ్లనడిగితే ఆ వెర్షన్ ఇక లేదు, కొత్తది కొనుక్కోమన్నారు. తెరిస్తే పద్యాలకు బదులు పిచ్చి గుర్తులు. నా చేత్తో కొట్టిన మ్యాటర్ నేనే చదవలేకపోయాను, ఆ అబ్బాయి పక్కనే నిలబడి చూస్తున్నాడు.

1820లో మా ఊరికొచ్చిన సి.పి. బ్రౌన్ దొర పండితులను పెట్టి తాళపత్రాలు ఎత్తి రాయించాడు. ఆ రాతలు తెలుగు వచ్చిన ఎవరైనా ఇవాళ కూడా చదువుకోవచ్చు. నా పుస్తకానికి పట్టుమని పదిహేనేళ్లు కూడా ఆయుష్షు లేకపోయింది.

ఆ రాత్రే షాపులో మూడు మిషన్లూ విండోస్ నుంచి, ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఉండని లినక్స్‌కి మార్చేయాలని ఒట్టు పెట్టుకున్నాను. రెండు మార్చాను. మూడోదాని దగ్గర ఆగిపోయాను. ప్రెస్‌వాళ్లు విండోస్‌లో చేసే కోరల్‌డ్రా డిజైన్ ఫైలే అడుగుతారు, లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి, ఇంటి ఖర్చు ఆ మిషన్ మీదే నడుస్తోందని మా ఆవిడ అంటోంది, ఆమె మాటా నిజమే. షాపుకొచ్చే పిల్లలకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (కోడ్ ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగలిగేది) గురించి చెప్తూ వెనక విండోస్ నడిపితే వాళ్ల ముఖం ఎట్లా చూడాలి? నిజంగా టెన్షన్‌గా ఉంది, మీరేమంటారు?

జవాబు: అనంతపురం లినక్స్

అన్నా, నేను ఈ విషయంలో గట్టిగానే ఉంటాను, అయినా నువ్వు చేసింది తప్పనను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రకటించాక ఆ పని మొదలైంది యూనిక్స్ అనే పాత సిస్టమ్ మీదే, అది కంపెనీ సొంతమైన, మూసిన సాఫ్ట్‌వేరే. దాని బదులు వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారు చేయడానికి తప్పదు కాబట్టి వాడారు, తమది సిద్ధమయ్యాక దాన్ని పక్కన పెట్టారు. నీ మూడో మిషన్‌కీ అట్లాంటి పని ఒకటుంది: పాత ఫైళ్లను బయటికి తీయడం.

ఆ ఫాంట్లలో 'క' అన్న అక్షరం నిజానికి 'క' కాదు, ఏదో ఇంగ్లీషు గుర్తు ఉండాల్సిన చోట 'క' బొమ్మ పెట్టారు. అందుకే ఫాంట్ పోతే అక్షరమే పోతుంది. ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, మన డీటీపీ షాపులు మాత్రం ఇంకా బొమ్మల్లోనే ఉన్నాయి. లిబ్రేఆఫీస్ డ్రా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో పేజ్‌మేకర్ (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) ఫైలు తెరుచుకుంటుంది గానీ మ్యాటర్ ఆ గుర్తులతోనే వస్తుంది, దాన్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసుకోవాలి. ఒత్తులు తప్పుతాయి. శతకం కదా, ఛందస్సు తెలిసినవాళ్లతో ప్రూఫ్ చదివించు.

ఆ పని అయ్యాక మాత్రం విండోస్ తీసేయ్. గడువు పెట్టుకోకపోతే ఎప్పటికీ తీయవు.

జవాబు: కర్నూలు నుంచి

అనంతపురం తమ్ముడితో గడువు దగ్గర నేను ఒప్పుకోను. నాకు చూపు లేదు, ఆఫీసులో పని చేస్తాను. నా కంప్యూటర్‌లో ఉన్నది చదివి వినిపించేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో చూపులేని ఒకాయన 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది, పైసా ఖర్చు లేదు, కోడ్ అంతా బయటే ఉంటుంది. అది నడిచేది విండోస్ మీదే. లినక్స్‌లో ఇట్లా చదివి వినిపించే ఓర్కా ఉందని తెలుసు, ఇంట్లో నేర్చుకుంటున్నాను, కానీ మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే ఉంది. మూసిన ఇంట్లో కూడా నాకు తెరిచిన కిటికీ ఒకటి దొరికింది, దాన్ని తప్పని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

కడప అన్నగారూ, మీరు విండోస్ వాడినా నాకొచ్చే నష్టమేమీ లేదు. మీరు పాత ఫాంట్‌లో కంపోజ్ చేసిన పీడీఎఫ్ పంపితే మాత్రం నా కంప్యూటర్ దాన్ని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతుంది. పక్కింటివాళ్ల పెళ్లి కార్డు వాట్సాప్‌లో అట్లా వచ్చినప్పుడు ముహూర్తం ఎప్పుడో మా పాపను అడిగి తెలుసుకున్నాను. యూనికోడ్‌లో ఉంటే నేనే వినేదాన్ని. మీరు ఒట్టు పెట్టుకునేదుంటే దీని మీద పెట్టుకోండి.

జవాబు: ప్రొద్దుటూరు ప్రెస్

ఆఫ్‌సెట్‌లో పని చేస్తాను. కోరల్ ఫైలు అడిగేది అలవాటు కొద్దీనే అన్నా, మాకు కావాల్సింది అచ్చు వేసే ప్లేటు. పేజీలు కట్టే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తున్నాయి, పాత 1.4 అయితే వాడొద్దు. సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) పెట్టి, ఫాంట్లు ఫైల్లోనే ఎంబెడ్ చేసి పీడీఎఫ్ ఇస్తే మీ ఫాంట్ మా దగ్గర లేకపోయినా పర్లేదు. నల్లటి అక్షరం ఒక్క నలుపు ప్లేటులోనే రావాలి, అది చూసుకోండి. ఆర్‌జీబీలో (తెరకు వాడే రంగుల పద్ధతి) ఇస్తే నలుపు నాలుగు ప్లేట్లలోకి చీలిపోయి, రిజిస్టర్ (ఒకదాని మీద ఒకటి ప్లేట్ల అమరిక) వెంట్రుకవాసి జరిగినా సన్న ఒత్తులు అలికినట్టు పడతాయి. ఫాంట్లకు సిలికానాంధ్ర వాళ్లవి మండలి, రామభద్ర, సూరన్న ఉన్నాయి, ఓపెన్ లైసెన్స్ కాబట్టి కార్డులకైనా పుస్తకాలకైనా వాడుకోవచ్చు. మీ ప్రెస్‌వాళ్లకు ముందు ఒక్క పేజీ ఇచ్చి చూపించండి.

కడప డీటీపీ:

అందరికీ నమస్కారం. కర్నూలు అక్కా, మీ మాట చదివి షాపులో కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లుగా నేను కొట్టిన కార్డుల్లో ఒక్కటి కూడా మీలాంటివాళ్లు వినలేరని నాకు తట్టనే లేదు.

మూడో మిషన్ ఉంచుతున్నాను, లెక్కలకూ పాత ఫైళ్లకూ. కొత్త మ్యాటర్ మాత్రం ఇవాళ్టి నుంచి యూనికోడ్‌లోనే. శతకం 22 పద్యాల దాకా కన్వర్ట్ అయింది, క్రావడి (ర ఒత్తు) అయితే దాదాపు ప్రతి చోటా తప్పుతోంది, మాస్టారి అబ్బాయి అచ్చు కాపీ పక్కన పెట్టుకుని చదువుతుంటే దిద్దుతున్నాను. సోమవారం మొదటి పేజీ పీడీఎఫ్ ప్రెస్‌కి తీసుకెళ్తున్నాను. అక్కా, అదే పీడీఎఫ్ మీకూ పంపిస్తాను, ఎన్‌వీడీఏ ఎక్కడ తడబడిందో చెప్పండి.