గుంపుల ఉన్నందుకు పదిహేడేళ్ల పిలగానికి జీవితఖైదా?

హన్మకొండచౌరస్తా:
నిన్న రాత్రి డల్లాస్ల ఉండే మా చిన్నబాపు కొడుకుతోని ఫోన్ల పెద్ద లొల్లి. ఆడ గ్యాంగు కాల్పులల్ల శిక్షపడ్డ పిలగాండ్ల అప్పీళ్ల ముచ్చట. గ్యాంగుల తిరిగినంక తుపాకి పేల్చినా పేల్చకున్నా ఒక్కటే అంటడు ఆడు, నేనేమో బండి నడిపినోన్ని వేరుజేసి సూడాలె అన్న. మీరేమంటరు?

కాజీపేటజంక్షన్:
మీ తమ్ముడే కరెక్ట్. బండి స్టార్ట్ జేసి పెట్టుడు తెలుసు, గేటు కాడ నిలవడి ఎవడొస్తుండో ఫోన్ జేసి చెప్పుడు తెలుసు, కోర్టుకు పోంగనే చిన్నపిలగాడు అయితడా? సచ్చినోని అవ్వకు ఏం చెప్తవ్?

నల్లకోటు:
అమెరికాల 18 లోపటోళ్లకు ఉరి 2005లనే బంద్ అయింది. 2012ల మిల్లర్ కేసుల, బయటికొచ్చే వీలే లేని జీవితఖైదు వీళ్లకు తప్పనిసరిగ వేసుడు చెల్లదు, వయసు సూడాలె అని ఆడి సుప్రీంకోర్టు అన్నది. మళ్ల 2021ల జోన్స్ కేసుల, ఈడు ఇంక మారడని జడ్జి విడిగ తేల్చే పనిలేదు అన్నరు, సందు చిన్నదైంది. మన 2015 జువెనైల్ చట్టంల 16 నిండినోడు ఘోరమైన నేరం జేస్తే పెద్దోని లెక్క విచారించాల్నా అని బోర్డు ముందుగాల సూస్తది, ఎట్లజేసినా ఉరి లేదు, విడుదల లేని యావజ్జీవం లేదు. గుంపుకైతే పాత ఐపీసీల 34 (ఒక్కటే ఉద్దేశంతోని కలిసి చేసుడు), 149 (నేరానికి కూడిన గుంపుల ఉండుడు) సెక్షన్లు, పేల్చనోడు గూడ దాంట్ల పడతడు, అప్పీలుల సగం కొట్లాట ఆడనే.

కాజీపేటజంక్షన్:
మరి వయసే దొంగదైతే?

హన్మకొండచౌరస్తా:
అన్నా నా మెమోల జూన్ 10. అవ్వనేమో సద్దుల బతుకమ్మ నాడు పుట్టినవ్ అంటది 😄 బడిల ఏసేటప్పుడు సార్ మా బెంచి మొత్తానికి అదే తారీఖు రాసిండు.

నల్లకోటు:
నవ్వకుండ్రి, మొదలు సూసేది ఆ మెమోనే. అది లేకుంటే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన పుట్టిన కాగితం, అదీ లేకుంటేనే బొక్కల పరీక్ష. ఈ వయసు ముచ్చట ఏ కోర్టులనైనా ఎప్పుడైనా లేపొచ్చు, కేసు ఖతమైనంక గూడ. 1994 హత్యకేసుల ఒకాయన అప్పటికి 14 ఏండ్లోడే అని మన సుప్రీంకోర్టు 2025 జనవరిల తేల్చి విడిచిపెట్టింది, అప్పటికే సుమారు 25 ఏండ్లు లోపట ఉన్నడు.

కాజీపేటజంక్షన్:
ఇర్వయ్యైదా... సరే, బండి నడిపినోని సంగతి సూద్దాం. గేటు కాడ ఫోన్ జేసినోన్ని మాత్రం నేను ఇడువ.