'యంగ్' అంటే లేతా, యువా?

అనువాదాల్లో 'యువ మొక్క', 'యువ కొబ్బరికాయ' అని కనబడుతోంది. 'యువ' ఎక్కడిదాకా చెల్లుతుందంటారు?

— మనుషుల దగ్గరే ఆగిపోతుందండీ. కాయకి, కొమ్మకి, రంగుకి, ఎండకి 'లేత'. దీనికి ఎదురుమాట ముసలి కాదు, ముదురు. అందుకే ఏళ్ల లెక్క ఉండదు, ఎవరి పరీక్ష వారిది. బెండకాయ కొస విరిస్తే పుటుక్కుమనాలి. వంగి పీచు లేచిందంటే ముదిరినట్టే. (సామెత బ్రహ్మచారినీ దీనితోనే కలిపేసింది, అది వేరే గొడవ.) బొండం మరీ లేతదైతే నీళ్లే ఉంటాయి, మీగడలాంటి కొబ్బరి పట్టదు.

— పాకానికీ ఇదే మాట. అరిసెలకు బెల్లం పాకం చుక్కను చన్నీళ్ల పళ్లెంలో వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. జారిపోతే ఇంకా లేత. అప్పుడే పిండి కలిపేస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఉండ పళ్లేనికి తగిలి టంగుమంటే ముదిరింది, అరిసె కొరుకుడు పడదు.

— ఏళ్ల లెక్క లేదు సరే, వరి నారుకి రోజుల లెక్క ఉంది. పంటకాలంలో నెలకో వారం చొప్పున, నాలుగు నెలల రకానికి నాలుగు వారాల నారు. శ్రీ సాగులోనైతే (తక్కువ నారుతో, తక్కువ నీటితో వరి పండించే పద్ధతి, ఇంగ్లీషులో SRI) 8–12 రోజుల లేత నారే, 25 సెంటీమీటర్ల ఎడంలో కుదురుకి ఒక్క మొక్క. ముదురు నారు సరిగా పిలకలు వేయదు. అందుకే దగ్గర దగ్గరగా, కుదురుకి ఎక్కువ మొక్కలు పెడతారు.

— వ్యాకరణంలో 'లేత' ఇంకో మాటతో కలిస్తే ప్రాతాది సంధి, అంటే ప్రాత, లేత లాంటి మాటల్లో మొదటి అచ్చు తర్వాతి భాగం లోపిస్తుంది. లేత + దూడ = లేదూడ, లేత + కొమ్మ = లేఁగొమ్మ. రెండోదాంట్లో పరుషం (క, చ, ట, త, ప) పరమైంది కాబట్టి నుగాగమం వచ్చింది, అంటే మధ్యలో 'న్' చేరింది, అరసున్న దాని గుర్తే. లేదూడకి అరసున్న పెట్టేస్తుంటారు, అక్కర్లేదు.

— పశువుల దగ్గర విశేషణంతో పనే లేదు. ఈనని ఆవు పెయ్య, గేదెల్లో పడ్డ, వయసులో ఉన్న గిత్త కోడె.

మరి 'యంగ్ వైన్'?

— లేతా కాదు, యువా కాదు. కొత్త బియ్యం, కొత్త చింతపండు అన్నట్టే 'కొత్త'. నిలవ ఉంచేవాటికి ఎదురుమాట పాత. కొత్త బియ్యానికి ఎసరు తగ్గించకపోతే అన్నం ముద్దవుతుంది, అదీ తేడా.