తాళానికి చెవి ఎక్కడిది?

మాది పలాస. ఇంటి వెనక షెడ్డులో జీడిపిక్కల బస్తాలుంటాయి, ఆ షెడ్డు తాళంచెవి వారానికోసారైనా ఎవరో ఒకరు పారేస్తారు. మొన్న ఇల్లంతా వెతుకుతుంటే ఏడేళ్ల మా మేనకోడలు "తాళానికి సెవేటి మావయ్యా, అది ఇంటాదేటి?" అంది. నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు.

తర్వాత ఆలోచిస్తే, అది మన చెవి కాదనే అనిపిస్తోంది. పోర్చుగీసులో దీన్ని "చావె" అంటారు. ఇప్పుడు వాళ్లు "షావ్" అంటున్నారు గానీ 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగేనాటికి మొదటి అక్షరాన్ని "చ" అనే పలికేవారు. హిందీ చాబీ, తమిళం సావి, ఇచ్ఛాపురం దాటగానే వినపడే ఒడియా చాబి, అన్నీ ఆ మాటే. మన నోట్లో పడి అది చెవి అయిపోయిందని నా లెక్క. హాస్పిటల్ ఆసుపత్రి అయి అందులోకి "పత్రి" వచ్చి చేరలేదూ, అలాగే.

ఇది చదివి ఇద్దరు ఇలా రాశారు:

— కాదండీ. మా అత్తవారిది కరీంనగర్, అక్కడ తాళంచెయ్యి అంటారు. కన్నడంలోనూ బీగద కై, అంటే తాళపు చేయి అనే కదా. చేయి ఉన్నప్పుడు చెవి ఉంటే తప్పేంటి? పట్టుకునే చోట గుండ్రంగా, చిల్లుతో, చెవిలాగే ఉంటుంది. మూకుడుకి చెవులు లేవా?

— భీమిలిలో డచ్చివాళ్లు ఉండేవారు కదా, వాళ్ల మాటేమో చూడండి.

ఇద్దరికీ నా జవాబు: డచ్చి మాట స్లూటెల్ అండీ, దానికీ చెవికీ ఎక్కడా పొంతన లేదు. చేయి సంగతి మాత్రం గట్టిదే, రాత్రంతా బుర్ర తినేసింది. కానీ చేయి అంటే అర్థముంది, తీసేదీ వేసేదీ అదే. చెవి ఏం చేస్తుంది? చిల్లున్నది తాళానికి, చెవి అనాలంటే దాన్ని అనాలి గానీ అందులో దూర్చే పుల్లని చెవి అనడమేంటి? పైగా లోపలి వైపు చెయ్యి, సముద్రం వైపు చెవి ఉండటం నాకైతే ఊరికే జరిగినట్టు లేదు.

ఇంకోటి చెప్తాను, నవ్వకండి. మా ఊరు బతికేదే జీడిమామిడి మీద, ఆ చెట్టుని బ్రెజిల్ నుంచి తెచ్చింది పోర్చుగీసువాళ్లే. దానికి మాత్రం వాళ్ల "కాజూ" పేరు మనం తీసుకోలేదు, అప్పటికే మన దగ్గరున్న నల్లజీడి పేరు తగిలించాం. తాళాలు మనకి ముందునుంచీ ఉన్నవే, సంస్కృతంలో తాళంచెవికి కుంచిక అని మాట కూడా ఉంది, అయినా వాళ్ల మాట తెచ్చుకున్నాం. ఎందుకిలా అంటే నా దగ్గర లెక్కేమీ లేదు, జనం ఇష్టం.

మందస, సోంపేట వైపు ముసలివాళ్లు దీనికి వేరే మాటేదైనా అంటే రాయండి. మా ఇంట్లో పిల్లలైతే "బండి కీస్" తప్ప ఇంకో మాట ఎరగరు. షెడ్డు తాళంచెవి ఇంకా దొరకలేదు, తాళం బద్దలుకొట్టి ప్రస్తుతానికి గొళ్లెంతో నెట్టుకొస్తున్నాం.