బాండ్ విలన్లలో ఎవరి లెక్క కుదిరింది? ఇది నా ర్యాంకింగ్, మీ వాదన చెప్పండి

బాకీ_నిల్వ (కాకినాడ):
ఆడిట్ ఆఫీసులో పని నాది. సినిమా చూస్తున్నా బుర్ర ఊరుకోదు, "సరే, ఈ మహానుభావుడికి ఇందులో మిగిలేదెంత?" అని లెక్క కడుతూనే ఉంటుంది. అందుకే బాండ్ విలన్లకి నా ర్యాంకింగ్ వేరుగా ఉంటుంది. నవ్వు ఎంత భయంకరంగా ఉంది, ఒళ్లో తెల్లపిల్లి ఉందా లేదా అన్నవి నాకు అనవసరం. ప్లాన్ పారితే వాడికి డబ్బొస్తుందా రాదా, అంతే.

ఒకటో స్థానం గోల్డ్‌ఫింగర్‌ది (1964 సినిమా; మిగతా పేర్ల పక్కనా సినిమా ఏడాదే). ఇందులో కొత్తేముంది అంటారు, నా కారణం వినండి. అమెరికా ప్రభుత్వం బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లోని బంగారం దోచుకోవడం కుదరదని బాండ్ నోటిలెక్క చెప్తాడు: బరువు 10,500 టన్నులు, 200 లారీలకి ఎక్కించాలంటే 60 మందికి 12 రోజులు పడుతుంది. గోల్డ్‌ఫింగర్ నింపాదిగా వింటాడు. అతనికి ఆ బంగారం అక్కర్లేదు మరి! లోపల అణుబాంబు పేలిస్తే ఆ సరుకంతా ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేరు, తన దగ్గరున్న బంగారం ధర పదింతలవుతుంది. బాండ్ "57 ఏళ్లు" అంటే "58" అని సరిదిద్దుతాడు చూడండి, అక్కడే నేను ఫ్లాట్. డాలర్‌ని ఔన్సు 35 చొప్పున బంగారానికి ముడిపెట్టిన రోజులవి. దెబ్బ పడితే డాలరే కుప్పకూలేది. బాంబు ఇచ్చిన చైనావాళ్లకి కావలసిందీ అదే. ఇద్దరికీ లాభం.

రెండు, ల షీఫ్ర్ (2006). క్లయింటు సొమ్ముతో విమానాల కంపెనీ షేర్లు షార్ట్ చేసి (అంటే ధర పడితే లాభం వచ్చేలా పందెం కాసి), విమానం పేల్చి ధర పడగొడదామనుకున్నాడు. బాండ్ అడ్డుపడ్డాడు, పది కోట్ల డాలర్లు పైగా పోయాయి. పోయింది రాబట్టుకోవడానికి మాంటెనెగ్రోలో పేకాటకి కూర్చున్నాడు. ఇలాంటివాళ్లని ఫైళ్లలో చూశాను కాబట్టి చెప్తున్నా, అతనిలా కంట్లోంచి రక్తం కారకపోయినా వాళ్ల మొహం అలాగే ఉంటుంది.

మూడు, శాంచెజ్ (1989). కొకెయిన్‌ని పెట్రోల్‌లో కరిగించి ట్యాంకర్లలో పంపిస్తాడు. రేటు మాత్రం టీవీలో ఒక మతబోధకుడు "ఈసారి విరాళాల లక్ష్యం ఇంత" అని ప్రకటిస్తాడు, కొనేవాళ్లకి అర్థమైపోతుంది. సొంత మనిషిని అనుమానించి చంపినప్పుడు నోట్ల కట్టల మీద రక్తం పడితే, ఉతికించమంటాడు. అంతే, ఇంకో మాట లేదు.

అట్టడుగున డ్రాక్స్, స్ట్రోంబర్గ్. మనుషులందర్నీ చంపేశాక ఎవరికి అమ్ముతారండీ? జోరిన్ (1985) వాళ్లకంటే కొంచెం నయం, కానీ చిప్పుల వ్యాపారం గుత్తకి పట్టడానికి సిలికాన్ వ్యాలీని ముంచేస్తే కొనేవాళ్లలో సగం మంది కూడా మునిగిపోతారుగా.

తీరిక_వేళ:
అన్నా, చమురు పైప్‌లైన్ వేయించే ఆ అమ్మాయి ఎలెక్ట్రా కింగ్ (1999) లేని లిస్టు నేను ఒప్పుకోను. మీ కొలతతోనే చూద్దాం. కాస్పియన్ చమురు బయటికి రావడానికి రష్యా గొట్టాలు ఉత్తరాన ఉన్నాయి. అవి నల్లసముద్రం చేరతాయి, అక్కడినుంచి ఓడలు ఇస్తాంబుల్ జలసంధి దాటాల్సిందే. అక్కడ జలాంతర్గామి రియాక్టర్ పేలిస్తే మిగిలేది తన పైప్‌లైన్ ఒక్కటే. ఇది రచయితల బుర్రలో ఊరికే పుట్టింది కాదు. సినిమా వచ్చిన నెలలోనే, 1999 నవంబరులో, ఇస్తాంబుల్‌లోనే బాకు–టిబిలిసి–జెహాన్ పైప్‌లైన్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ జలసంధి జోలికి పోకుండా చమురు తేవడమే దాని ఉద్దేశం. 2006లో చమురు టర్కీ రేవు జెహాన్ చేరింది కూడా.

పైగా బాండ్ ఆమెని కాపాడుతున్నాననుకుంటూ సగం సినిమా తిరుగుతాడు. ఏ మగ విలన్ అంత దూరం తిప్పాడు చెప్పండి?

రీళ్లపెట్టె:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. విలన్‌కి గొంతు కావాలి గురూ. గోల్డ్‌ఫింగర్ వేసిన గెర్ట్ ఫ్రోబె జర్మన్ నటుడు, ఆ పాత్రకి ఇంగ్లిష్ గొంతు మైకేల్ కాలిన్స్‌ది. మరుసటి ఏడు బాండ్ సినిమాలో విలన్ లార్గో వేసిన ఇటలీ నటుడు అడాల్ఫో చెలీకీ డబ్బింగే. మనకిది వింత కాదు, పశుపతిగా సోనూ సూద్‌ని చూసి, రవిశంకర్ గొంతుకి దడుచుకున్నవాళ్లమే.

నా ఓటు సిల్వాకి (2012). లిఫ్ట్ దిగి, ఎలుకల కథ చెప్పుకుంటూ ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తాడు, కెమెరా కదలదు. ఆ తర్వాత అద్దాల గదిలో బాండ్ పై అధికారిణి 'ఎం' ముందు నోట్లోంచి కట్టుడు దవడ తీసేస్తాడు. చెంప లోపలికి కుంగిపోతుంది, కన్ను జారుతుంది. సైనైడ్ మింగినా చావనివాడి మొహం అది. దీనికి ఏ ఖాతాలో పద్దు రాస్తావు?

బాకీ_నిల్వ:
తీరిక_వేళ గారూ, 1999 సంగతి చెప్పి నన్ను కదిలించారు. ఎలెక్ట్రా రెండు, ల షీఫ్ర్ మూడు, శాంచెజ్ నాలుగు. రీళ్లపెట్టె గారి సిల్వాకి మాత్రం నా లిస్టులో చోటు లేదు. ఒక్క ముసలావిడ మీద కోపానికి అంత ఖర్చా? ఎలుకల సీన్‌కి మాత్రం దణ్ణం.

పాత_టికెట్:
మరి నేరగాళ్ల ముఠా నాయకుడు బ్లోఫెల్డ్ ఎక్కడ సార్? 1967 సినిమాలో ఒక నటుడి మొహం, 1969లో ఇంకోటి, 1971లో మరోటి. పైగా 67లో ఎదురెదురుగా మాట్లాడినవాడు 69లో బాండ్‌ని గుర్తుపట్టడు!

బాకీ_నిల్వ:
మొహం సంగతి వదిలేయండి, పని పద్ధతి చూడండి. 1967లో పని పూర్తి కాకముందే పది కోట్ల డాలర్ల బంగారం బ్యూనస్ ఎయిర్స్ ఖాతాలో వేయమంటాడు. 1965లో ఇంకా బాగుంటుంది. అందరూ వరసగా కూర్చుని రాబడి చెప్తుంటారు, ఒకడి లెక్కలో తేడా వస్తుంది. బ్లోఫెల్డ్ గొంతు పెంచడు. మీట నొక్కితే ఆ తొమ్మిదో నంబరువాడు కుర్చీలోనే కరెంటు కొట్టి పోతాడు, కుర్చీ నేలలోకి దిగి ఖాళీగా పైకొస్తుంది, మీటింగ్ సాగుతుంది. అంతర్గత ఆడిట్ ఉన్న ఏకైక విలన్ ఆయన, అయిదో స్థానం ఇస్తున్నా. ఉద్యోగం ఇస్తానన్నా నేను మాత్రం వెళ్లను.