‘ఉపకారికి నుపకారము’: ఈ పద్యం బహుమానాన్ని వద్దంటున్నదా?

ప్రశ్న: “ఉపకారికి నుపకారము / విపరీతము గాదు సేయ వివరింపంగా / నపకారికి నుపకారము / నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ.” ధర్మంగా చేయవలసిన పని చేసినవారికి బహుమానం ఎందుకని వాదిస్తూ ఒకరు ఈ పద్యాన్ని ఆధారంగా చూపారు. పద్యం నిజంగా ఆ మాట అంటున్నదా?

సమాధానం: అనడం లేదని నా అభిప్రాయం. బద్దెన రచనగా ప్రసిద్ధమైన సుమతీ శతకంలోని ఈ కందపద్యంలో వాక్యాలు రెండు. మొదటిదానిలో ఉపకారం చేసేవాడు అంతకు ముందు మేలు పొందినవాడు. రెండవదానిలో చేసేవాడు కీడు పొందినవాడు. ఒక మంచి పని చేసి, దానికి తిరిగి ఏమైనా వస్తుందా అని ఎదురుచూసే మనిషి పద్యంలో ఎక్కడా లేడు. అతడు ఆశించవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకు ఈ పద్యంలో జవాబు వెదకడం కవి ఎత్తని ప్రశ్నను కవి నోట పెట్టడమే.

‘విపరీతము గాదు’ అన్నదానికి ‘గొప్ప విషయమేమీ కాదు’ అని తాత్పర్యం చెప్పడం వాడుక. ఆ తాత్పర్యం సరైనదే. అయితే గొప్ప కాదనడం వేరు, అక్కరలేదనడం వేరు. విపరీతం కానిది లోకరీతికి తగినది. మేలుకు మేలు చేయడాన్ని కవి కనీస మర్యాదగా భావించి, దానిని దాటి వెళ్ళగలవాడిని మెచ్చుకుంటున్నాడు. కనీసమని చెప్పినదానిని మానుకోవడానికి ఈ పద్యాన్నే సాక్ష్యంగా పిలవడం నాకు వింతగా తోస్తుంది.

ఆశించకూడదన్న మాటకు ఆధారం కావాలంటే భగవద్గీత పదిహేడవ అధ్యాయానికి వెళ్ళాలి. ఇవ్వవలసినదే అన్న భావంతో, తిరిగి ఉపకారం చేయనివానికి (‘అనుపకారిణే’) ఇచ్చే దానం సాత్త్వికమని ఇరవయ్యవ శ్లోకం, ‘ప్రత్యుపకారార్థం’ ఇచ్చేది రాజసమని ఆ తరువాతి శ్లోకం చెబుతాయి. అక్కడ కూడా తూకం వేస్తున్నది ముఖ్యంగా ఇచ్చేవాని మనసును. పుచ్చుకున్నవాడు కృతజ్ఞత చూపనక్కరలేదని ఆ శ్లోకాలు అనవు. బహుమానం ఇవ్వాలా అన్నది సమాజం తనను తాను అడుగుకోవలసిన ప్రశ్న, కోరవచ్చునా అన్నది చేసినవాడు తనను తాను అడుగుకోవలసిన ప్రశ్న. ఈ రెండింటినీ ఒక్కటిగా కలిపివేయడం వల్లనే చర్చ చిక్కుపడుతున్నది.

మన మాటలు ఈ తేడాను చక్కగా పట్టుకున్నాయి. ప్రతిఫలం పనికి ఎదురుగా నిలిచే ఫలం. ముందే ఊహించదగినది, అవసరమైతే అడగదగినది. పారితోషికం పరితోషం నుండి పుట్టింది, అంటే చూసినవాని తృప్తి నుండి వచ్చింది. దానిని అడగడానికి వీలులేదు. బహుమానంలో ‘మానం’ ఉన్నది, పురస్కారమంటే ముందు నిలిపి గౌరవించడం. ఇప్పుడు సినిమా వార్తలలో నటుల పారితోషికం చిత్రీకరణకు ముందే బేరమాడి తేల్చుకునే మొత్తమైంది. నిఘంటువు ఏమన్నా, అది ప్రతిఫలమే.

ఈ తేడా కేవలం వ్యుత్పత్తి ముచ్చట కాదు. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. రెండవ జట్టుకు చెప్పకుండా, వేసిన తరువాత ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తరువాత బడిలో ఎవరి ఇష్టానికి వారిని వదిలినప్పుడు, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగిలినవారికంటే చాలా తక్కువసేపు బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చిన బహుమతి మాత్రం ఆసక్తిని అలా తగ్గించలేదు. బొమ్మలు వేయడం ధర్మాచరణ కాదు కనుక దీనిని అతిగా సాగదీయకూడదు. అయినా ప్రతిఫలానికీ పారితోషికానికీ మధ్య మన భాష గీసిన గీత దగ్గరే ఆ ఫలితాలు కూడా విడిపోవడం గమనించదగినది.

ఇక ‘నేర్పరి’ అన్న మాట. పుణ్యాత్ముడనో ధర్మపరుడనో అనకుండా కవి నేర్పరి అన్నాడు. అపకారం చేసినవాని ‘నెపము’ను, అనగా తప్పును, లెక్కపెట్టకుండా మేలు చేయడం పుట్టుకతో వచ్చే గుణం కాదని, నేర్చుకుంటే వచ్చేదని ఈ మాటలో ధ్వనిస్తున్నది.

అభ్యంతరం: నాలుగవ పాదం ‘నె’తో మొదలైంది కనుక యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలోని నిర్ణీత అక్షరం జోడు కుదరడం కోసం, ‘నేర్పరి’ వచ్చింది. అందులో ఇంత తత్త్వం చూడడం అవసరమా?

సమాధానం: యతిస్థానం అదేనన్నది నిజం. కానీ యతి అక్షరాన్ని కోరుతుంది తప్ప అర్థాన్ని నిర్ణయించదు. ‘నిష్ఠుడు’ అన్నా ‘నేర్పరి’లాగే భగణమే (ఒక గురువు, రెండు లఘువులు), నె–ని యతి కూడా చెల్లుతుంది. అప్పుడు భావం నేర్పు నుండి వ్రతనియమం వైపు మళ్ళేది. వీలున్నా కవి అటు వెళ్ళలేదు. పైగా, బహుమానం వద్దనడానికి ఈ పద్యాన్ని చూపేవారు, కవి తానే పాదం చివర ఇచ్చిన ఆ మెప్పును ఏ పద్దులో రాస్తారో కూడా చెప్పవలసి ఉంటుంది.