పాప నర్సరీలో ఉన్న మూడున్నర గంటలకు మనం ఫీజు తీసుకోవచ్చా?

అమలాపురం గృహిణి

అందరికీ నమస్కారం. నేను అమలాపురంలో మా ఇంట్లోనే నాలుగేళ్లుగా పిల్లలను చూసుకుంటున్నాను. డే కేర్ అని బోర్డేమీ పెట్టలేదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చెప్పగా వచ్చిన పిల్లలే అందరూ. ప్రస్తుతం ముగ్గురున్నారు. ఒక బాబుకు పద్నాలుగు నెలలు, ఒక పాపకు మూడున్నరేళ్లు, మూడో అబ్బాయి రెండో తరగతి చదువుతూ మధ్యాహ్నం మూడుముప్పావుకు బడి ఆటోలో మా గుమ్మం ముందు దిగి, ఆరున్నర దాకా ఉంటాడు. రోజంతా ఉండే పిల్లలకు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు నెలకు 5,200 రూపాయలు తీసుకుంటున్నాను. నెలకు 26 రోజులు, రోజుకు పది గంటలు వేసుకుంటే గంటకు 20 రూపాయలు పడుతుంది.

ఇప్పుడు చిక్కంతా మూడున్నరేళ్ల పాపతో వచ్చింది. బడులు తెరిచే జూన్ 12 నుంచి ఆ పాపను నర్సరీలో వేస్తున్నారు. వేళలు 9 నుంచి 12:30 వరకు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు కాబట్టి దింపడం, తీసుకురావడం నా పనే. వాళ్ల అమ్మగారు మొన్న కాగితం మీద లెక్క వేసి చూపించారు. "రోజుకు మూడున్నర గంటలు మా పాప మీ ఇంట్లో ఉండదు కదండీ, నెలకు 24 బడి రోజులకు 84 గంటలు, అంటే 1,680 రూపాయలు. అది తీసేసి 3,520 తీసుకోండి" అన్నారు. ఆవిడ మంచి మనిషి, లెక్కలోనూ తప్పేమీ కనిపించలేదు. అయినా నాకు మనసొప్పలేదు.

ఎందుకంటే ఆ మూడున్నర గంటలు నిజానికి నాకు మిగలడం లేదు. ఎనిమిదీ నలభైకి పాపకు బూట్లు తొడిగి, చిన్నవాణ్ణి చంకనేసుకుని బయలుదేరితే ఇంటికి తిరిగి వచ్చేసరికి తొమ్మిదీ పదిహేనవుతుంది. మళ్లీ పన్నెండూ పదికి, సరిగ్గా వాడు నిద్రలోకి జారుకునే వేళకు, గొడుగు తీసుకుని బయలుదేరాలి. నర్సరీ గేటు దగ్గర నీడ లేదు. ఈ మధ్యలో ఇంకో పిల్లను ఒప్పుకుందామంటే పన్నెండున్నరకు పాప తిరిగి వచ్చేస్తుంది. ఇలాంటి గంటలకు మీరెవరైనా ఫీజు తీసుకుంటున్నారా? తీసుకుంటే ఎంత? దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల సంగతి ఏమిటి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలకొల్లు పిన్ని

అమ్మా, నేను పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను, మీరు అడిగిన ప్రశ్న నాకు ఏటా జూన్‌లో ఎదురవుతూనే ఉంటుంది. పిల్లను చూసుకున్న గంటలను బట్టి కాదు, పిల్ల కోసం మనం ఆపి ఉంచిన చోటును బట్టి ఫీజు పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. నరసాపురం బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకుంటామే, పాప వాళ్ల అమ్మగారు 9 నుంచి 12:30 వరకు మీ ఇంట్లో చేస్తున్నది అదే. ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదనుకుంటే ఆ రుమాలుకు కూడా ఏదో ఒక ధర ఉండాలి కదా.

అలాగని పూర్తి ధర తీసుకోవడమూ న్యాయం కాదు. ఆ వేళలో మీరు పాపకు అన్నం పెట్టరు, స్నానం చేయించరు, వెంట పరుగెత్తరు. అందుకని నేను సగం తీసుకుంటాను. మీ లెక్కలోనే చెప్పాలంటే 84 గంటలకు గంటకు పది రూపాయల చొప్పున 840 తగ్గించి 4,360 అడగండి.

సగమైనా తీసుకోవాలా వద్దా అన్న సందేహం వస్తే నేను చూసే గుర్తు ఒకటుంది. పిల్లకు ఒంట్లో బాగోలేకపోతే బడివాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? నాకు చేసేటట్టయితే ఆ గంటలు నావి. బడి బస్సే ఇంటికొచ్చి ఎక్కించుకుని, బడిలో తల్లి నంబరే రాసి ఉండి, ఆవిడే వెళ్లి తెచ్చుకునేటట్టయితే ఆ గంటలకు నేను పైసా అడగను. ఒకసారి పదింబావుకు నర్సరీ నుంచి ఫోన్ వచ్చింది, బాబు వాంతి చేసుకున్నాడని. పొయ్యి మీద సగం ఉడికిన అన్నం దించేసి, మిగతా ఇద్దరు పిల్లలను పక్కింటి వదినగారికి అప్పగించి పరుగెత్తాను. ఆ రోజు ఆ గంటలు ఎవరివో వాళ్ల నాన్నగారికి నేను వివరించనక్కర్లేకపోయింది.

మీరు అడగకపోయినా రెండో తరగతి అబ్బాయి గురించి కూడా చెబుతాను, ఎందుకంటే నష్టం అక్కడే ఎక్కువ. మూడుముప్పావు నుంచి ఆరున్నర అంటే రోజుకు రెండుముప్పావు గంటలు, నెలకు 66 గంటలు, మీ ధర ప్రకారం 1,320 రూపాయలు. కానీ బడి నుంచి వచ్చే పిల్లవాడు ఆకలితో వస్తాడు, చొక్కా నిండా సిరాతో వస్తాడు, హోంవర్కుతో వస్తాడు. ఆ మూడు గంటలే మన రోజంతటిలో బరువైనవి. సాయంత్రం పిల్లలకు గంటల లెక్క మానేసి నెలకింత అని ఒకే మొత్తం పెట్టుకోండి. నేను 2,000కు తక్కువ ఒప్పుకోవడం లేదు.

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు వస్తాయి కదా. అప్పుడు ఆ అబ్బాయి మూడుముప్పావుకు బదులు పన్నెండున్నరకే దిగుతాడు. రోజుకు మూడుంబావు గంటల చొప్పున నెలకు 78 గంటలు ఎక్కువ, పైగా మధ్యాహ్న భోజనం మన ఇంట్లోనే. ఆ నెలకు ఎంత పెంచుతారో శివరాత్రి నాటికే చెప్పేయండి. ఏప్రిల్ మొదటి తారీకున చెబితే గొడవే.

తణుకు తల్లి

నేను ఫీజు కట్టే వైపు మనిషిని. పిన్నిగారు చెప్పిన రుమాలు లెక్కను ఒప్పుకుంటాను, కాని దానికి ఒక షరతు ఉండాలి. మా అబ్బాయి ఎల్కేజీలో చేరిన ఏడాది మేము ఒకావిడకు బడి గంటలకు కూడా పూర్తి ఫీజే కట్టాం. అబ్బాయి చోటు ఆపి ఉంచుతున్నానని ఆవిడ చెప్పింది, మేము నమ్మాం. ఒకరోజు సెలవు పెట్టి పదకొండింటికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, అదే వేళకు ఇంకో ఇద్దరు పిల్లలు మా వాడి చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్లు తొమ్మిదిన్నరకు వచ్చి పన్నెండింటికి వెళ్లిపోయే పిల్లలట. పిల్లలను తీసుకోవడం తప్పని నేను అనను. ఆవిడ సంపాదన ఆవిడది. కానీ ఒకే సీటుకు రెండు టిక్కెట్లు కొట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ చోటును వేరేవాళ్లకు ఇచ్చుకుంటే మా ఫీజు తగ్గించి ఉండాల్సింది.

నర్సరీ ఫీజు, ఆటో, యూనిఫారం అన్నీ ఒక్కసారిగా మీద పడే నెలలో డే కేర్ ఫీజు కూడా కొంచెమైనా తగ్గుతుందని తల్లులు ఆశపడతారు. అది పిసినారితనం కాదు. అందుచేత ఏ గంటకు ఎంత, ఏ సెలవుకు ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

సఖినేటిపల్లి టీచరు

ఫీజు సంగతి పెద్దలు చెప్పారు, నేను బడి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. పాపను తీసుకెళ్లేది మీరేనని తల్లిదండ్రుల చేత బడికి ఉత్తరం రాయించి, మీ పేరు, ఫోన్ నంబరు రిజిస్టరులో ఎక్కించండి. లేకపోతే గేటు దగ్గర పాపను మీకు అప్పగించరు, అప్పగించకూడదు కూడా.

రెండోది ఆలస్యం గురించి. మా ఊళ్లో చాలామంది తల్లులు రోజూ పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద వశిష్ట గోదావరి దాటి నరసాపురం వెళ్లి ఉద్యోగం చేసి వస్తారు. గాలివాన పట్టినా, జూలై, ఆగస్టుల్లో వరద ఉద్ధృతంగా ఉన్నా పంటు ఆపేస్తారు, అప్పుడు వాళ్లు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఇక్కడ పిల్లలను చూసుకునే ఒక అక్కగారు మొదటి అరగంట ఆలస్యానికి ఏమీ తీసుకోరు, ఆ తర్వాత గంటకు మామూలు ధరకు రెట్టింపు తీసుకుంటారు, పంటు ఆగిన రోజున మాత్రం అసలు తీసుకోరు. ఏటి మీద జరిమానా వేయలేం కదండీ అంటారు ఆవిడ.

మండపేట ఆడపడుచు, ఇంగ్లండు

మాది మండపేట. ప్రస్తుతం ఇంగ్లండులో ఉంటున్నాను, ఇక్కడ మా పిల్లను చైల్డ్‌మైండర్ (తన ఇంట్లోనే పిల్లలను చూసుకునే ఆవిడ) దగ్గర పెట్టాం. మీ ప్రశ్న ఇక్కడ కూడా తల్లుల మధ్య తెగని వాదమే కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను.

ఇక్కడ ఇంట్లో పిల్లలను చూసుకునేవారు ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థ దగ్గరగానీ, అనుమతి ఉన్న ఏజెన్సీ దగ్గరగానీ నమోదు చేసుకోవాలి. ఒక మనిషి ఒకేసారి ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఆరుగురికి మించి చూడకూడదు. వారిలో ఐదేళ్లలోపు వారు మామూలుగా ముగ్గురికి, ఏడాదిలోపు వారు ఒకరికి మించకూడదు. నాలుగైదేళ్ల వయసుండి, బడికి ముందూ తర్వాతా మాత్రమే వచ్చే పిల్లలుంటే, మొత్తం ఆరుగురు దాటనంత వరకు, వాళ్లను ఆ ముగ్గురికి అదనంగా చూడవచ్చు. అందుకే ఇక్కడ సీటు అన్నది ఉత్త మాట కాదు. మూడేళ్ల పిల్ల మూడు గంటలు నర్సరీకి వెళ్లినా, మధ్యాహ్నం తిరిగి వస్తుంది కాబట్టి, ఆ చోటును రోజంతా ఉండే ఇంకో పిల్లకు ఇవ్వడానికి వీలుండదు.

దీని వల్ల మూడు రకాల పద్ధతులు వచ్చాయి. కొందరు నర్సరీ గంటలకూ పూర్తిగా తీసుకుంటారు, కొందరు సగం తీసుకుంటారు, కొందరు ఆ గంటలు వదిలేసి దింపి తెచ్చినందుకు విడిగా తీసుకుంటారు. మా చైల్డ్‌మైండర్ రెండో రకం. నేను మొదట్లో నొచ్చుకున్నాను గాని, మా పిల్లకు జ్వరం వచ్చిందని నర్సరీవాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను రైల్లో ఉండగా ఆవిడ పది నిమిషాల్లో వెళ్లి తెచ్చుకున్న తర్వాత మారు మాట్లాడలేదు.

ఇక్కడి ఇంకో విషయం మీకు పనికి రావచ్చు. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటల చొప్పున ఏడాదిలో 38 వారాలు ప్రభుత్వమే భరిస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్న ఉద్యోగస్తుల పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచే వారానికి 30 గంటలు ఇస్తున్నారు. అంటే ఏడాదికి 1,140 గంటలు. బడి వారాల్లోనే వాడుకుంటే సెలవుల్లో ఏమీ ఉండదు; ఏడాది మొత్తానికి పరిస్తే వారానికి 22 గంటలకు కాస్త తక్కువ వస్తుంది. మన దగ్గర ప్రభుత్వం డబ్బు లేకపోయినా ఆ పరిచే ఉపాయం మీరు వాడుకోవచ్చు. వేసవిలో పెరిగేది, బడి నెలల్లో తగ్గేది కలిపి పన్నెండుతో భాగిస్తే నెలనెలా ఒకే మొత్తం వస్తుంది. అయితే మధ్యలో మానేసేవాళ్లతో మాత్రం లెక్క చిక్కుబడుతుంది.

అమలాపురం గృహిణి

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం పాప వాళ్ల అమ్మగారిని ఇంటికి పిలిచి, టీ తాగుతూ మాట్లాడుకున్నాం. పిన్నిగారి రుమాలు మాట చెప్పగానే ఆవిడ నవ్వేశారు. సగం లెక్కకు, 4,360కు ఒప్పుకున్నారు. తణుకు అమ్మగారు చెప్పిన షరతు నేనే ముందుగా పెట్టాను: ఆ మూడున్నర గంటల్లో వేరే పిల్లను తీసుకుంటే ఆ నెల నుంచి మిగిలిన సగమూ వదులుకుంటాను.

మాట్లాడుతుండగా మాకు తట్టిన సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ అసలు భయం నెలవారీ ఫీజు గురించి కాదు, వాన సెలవుల గురించి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు వరసగా సెలవులిచ్చారు కదా, అలాంటప్పుడు పాప రోజంతా నా దగ్గరే ఉంటే ఎంత వేస్తారోనని అడిగారు. కూడి చూస్తే సగం ఎలాగూ ముందే కట్టారు కాబట్టి రోజుకు మిగిలేది 35 రూపాయలు. ఆ గంటలు మొత్తం తీసేసి ఉంటే రోజుకు 70 అడగాల్సి వచ్చేది. ముప్పై ఐదు రూపాయల కోసం వాట్సాప్‌లో మెసేజి పెట్టడం నాకే సిగ్గనిపించి, కలెక్టరుగారు ముందు రోజు రాత్రి ప్రకటించే సెలవులకు ఏమీ అక్కర్లేదని చెప్పేశాను. దసరా, సంక్రాంతి సెలవులకు మాత్రం రోజుకు 35 చొప్పున కలుపుతాను. బడులు మూసే ఏప్రిల్ చివరి నుంచి జూన్ 12 వరకు పూర్తి 5,200. పాప అమ్మమ్మగారింటికి వెళ్లి పదిహేను రోజులు మించి ఉంటే, ఆ రోజులకు సగం.

పన్నెండు నెలలకు పరిచే పద్ధతి మాకు కుదరలేదు. వాళ్లకు బదిలీ ఎప్పుడు వస్తుందో తెలియదట. రెండో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారితో 2,000 సంగతి ఇంకా ఎత్తలేదు, వచ్చే వారం మాట్లాడాలి. చిన్నవాడి నిద్ర చిక్కు మాత్రం డబ్బుతో తీరేది కాదు. ఎదురింటి మామ్మగారు పన్నెండూ పదికి వచ్చి అరగంట ఉయ్యాల దగ్గర కూర్చుంటానన్నారు. డబ్బులిస్తానంటే కోప్పడి, మధ్యాహ్నం పెసరట్టు వేస్తే చాలన్నారు.