టాస్క్ ఇస్తే భాష వస్తుందా, రూల్ చెప్పాల్సిందేనా?

పాతబోర్డు: మొన్న ట్రైనింగ్‌లో మళ్లీ అదే పాట. రెండో భాష నేర్పేటప్పుడు గ్రామర్ చెప్పొద్దు, టాస్క్ ఇవ్వండి, అంటే ఆ భాష వాడుతూ పూర్తి చేయాల్సిన పని ఏదైనా ఇవ్వండి, భాష అదే వస్తుందని. సరే, ఇచ్చాను. ఇద్దరికి చెరో బొమ్మ, ఎదుటివాళ్లది చూడకుండా ఇంగ్లీషులో అడుగుతూ ఐదు తేడాలు పట్టాలి. రెండు నిమిషాలు అడిగారు, తర్వాత సొంత భాషలో గుసగుసలు, ఆఖరికి బొమ్మలు పక్కపక్కన పెట్టేసి ఐదూ రాసిచ్చారు. గోల మాత్రం మిగిలింది.

నీలికలం: టాస్క్ అంటే గోల అని ఎవరన్నారు? ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979లో మొదలుపెట్టిన బెంగళూరు ప్రాజెక్టులో, అంటే బడిపిల్లలకి టాస్క్‌లతోనే ఇంగ్లీషు నేర్పి చూసిన ప్రయోగంలో, గ్రూప్ వర్క్‌కి పెద్దగా చోటే లేదు. పిల్లలు ఒకరి తప్పులు ఒకరికి అంటించుకుంటారని ఆయన అనుమానం. రైలు టైంటేబుల్ ఇచ్చి, టీచర్ ప్రశ్నలు వేస్తూ క్లాసంతటి చేత ఒకటి చేయిస్తారు, తర్వాత అలాంటిదే ఇంకోటి ఎవరికి వారు చేస్తారు.

గళ్లచొక్కా: టైంటేబుల్ చూసి జవాబు చెప్పడం కాంప్రహెన్షన్ కదండీ, టాస్క్ ఎలా అవుతుంది?

పాతబోర్డు: అదే నేనూ అడిగేది. టీచరే నడిపిస్తే, ఇన్నేళ్లూ మేం చేసిందేమిటి?

నీలికలం: మీ క్లాసులో మాటంతా క్రియ గురించి, అక్కడ రైలు గురించి. ఏ బండెక్కితే పదింటికల్లా చేరతామో లెక్క వేసే పిల్లాడు భాష సంగతి మరిచిపోయి భాష వాడతాడు. మీకిది నచ్చకపోవడానికి కారణం వేరే. క్లాసు చెయ్యి దాటుతుందని భయం.

పాతబోర్డు: భయమా? ఇంటర్వ్యూలో "ఐ డిడ్ వెంట్" అన్నాను. ఎదురుగా ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్కూల్లో ఏ మాస్టారూ దిద్దలేదు, అర్థమైందిగా అని వదిలేశారు. ఆ ఉద్యోగం మీరిప్పిస్తారా?

గళ్లచొక్కా: కాస్త నెమ్మదిగా.

నీలికలం: నన్ను మాటమాటకీ దిద్దారు. ఒకసారి మూడో వాక్యం మధ్యలో ఆపేసి కూర్చున్నాను, ఆ ఏడంతా మళ్లీ నోరు విప్పలేదు. మిమ్మల్ని దిద్దలేదని మీ కోపం, దిద్దారని నాది. టాస్క్‌ని ఊరికే తిడుతున్నాం.

చివరిబెంచీ: టాస్క్‌లతో భాష నేర్పడం మీద పుస్తకం రాసిన జేన్ విల్లిస్ 1996లో చెప్పిన పద్ధతి చూడండి. ముందు టాస్క్, ఏం చేశారో క్లాసుకి చెప్పడం, ఆ తర్వాతే భాష రూపం మీద, అంటే గ్రామర్ లాంటి వాటి మీద పని. దిద్దడం అక్కడ పెట్టుకోండి, మధ్యలో ఎవరి నోరూ మూయించక్కర్లేదు.

పాతబోర్డు: చదవడానికి బాగానే ఉంది. నా క్లాసులో అక్కడికొచ్చేసరికి గంట కొట్టేస్తారు.